ఎక్కడికని అడగని డ్రైవరు

ముఖం చూసి చెప్పలేని మాటను మనిషి వీపుకు చెప్పవచ్చునా?

కంచరపాలెం రైల్వే గేటు దగ్గర ఆగిన అంబాసిడర్ కారు వెనక సీట్లో కూర్చుని గురునాథరావు తనకు తాను వేసుకున్న ప్రశ్న ఇది. ముందు సీట్లో, స్టీరింగు మీద రెండు చేతులూ ఆన్చి, గేటు అవతల నత్తనడక నడుస్తున్న గూడ్సు బండిని చూస్తూ ఎల్లారావు కూర్చున్నాడు. అతని ఖాకీ చొక్కా వీపున చెమటకు తడిసి నల్లబడింది. చెప్పవలసిన మాట చిన్నదే. రేపటి పరీక్షకు మిమ్మల్ని రావద్దన్నారు, అంతే. గాజువాకలో కారెక్కినప్పుడు ఆ మాట గురునాథరావు నాలుక చివరన ఉంది. దారి పొడవునా అక్కడే ఉంది. ఇప్పుడు గేటు పడింది. తన ఇల్లు గేటు అవతల, పిలిస్తే పలికేంత దూరంలో. గేటు లేచేలోగా చెప్పకపోతే ఇక చెప్పడమంటూ ఉండదు.

ఎనభై నాలుగో సంవత్సరం, వేసవి మొదలైన రోజులవి. ఊరికి దక్షిణాన ఉక్కు కర్మాగారం లేస్తోంది. దాని పనికి పరదేశం నుంచి ఇంజనీర్లు దిగారు. బీచ్ రోడ్డు మీద ఒక గెస్ట్ హౌసులో వాళ్ళ బస. పొద్దున్న బసనుంచి పనిచోటికి, సాయంత్రం పనిచోటినుంచి బసకు, సెలవు రోజుల్లో మనసు ఎటు లాగితే అటు వాళ్ళను తిప్పడానికి కార్లు కావాలి. గాజువాకలో టాక్సీలు నడిపే త్రినాథరావు నలుగురితో పోటీపడి ఆ కాంట్రాక్టు దక్కించుకున్నాడు. షరతు ఒక్కటే. డ్రైవర్లకు నాలుగు ముక్కలు ఇంగ్లీషు రావాలి.

"మావోళ్ళకి ఇంగ్లీసు నేర్పాల మాస్టారూ," అని అతను కంచరపాలెంలో గురునాథరావు పనిచేసే హైస్కూలుకే వచ్చి అడిగాడు. "ఎక్కువొద్దు. దొర ఏటన్నాడో ఈడికి తెలిసి, ఈడేటన్నాడో దొరకి తెలిస్తే సాలు. సాయంత్రాలు మీకు ఎలాగూ ఖాళీయే గదా."

ఆ చివరి మాట గురునాథరావుకు ముల్లులా గుచ్చుకుంది. గుచ్చుకున్నందుకే ఒప్పుకున్నాడు.

సాయంత్రాలు ఖాళీ అన్నది నిజం. ముప్పై దాటి చాలాకాలమైంది, పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని అడిగితే అతని దగ్గర పది కారణాలుండేవి, అంటే ఒక్కటీ లేనట్టే. గది నిండా తత్త్వశాస్త్రం. ఆత్మను గురించీ కాలాన్ని గురించీ పెద్దలు చెప్పినవన్నీ పెన్సిలు గీతలు గీసుకుంటూ చదివాడు గాని, మనసుకు కుదురు మాత్రం ఏ పుటలోనూ దొరకలేదు. సముద్రపు ఒడ్డున కూర్చుంటే సింహాచలం మెట్ల మీద గాలి ఇంతకంటే బాగుంటుందనిపించేది. మెట్లెక్కితే ఒడ్డే నయమనిపించేది. కలిసి చదువుకున్న రమణమూర్తి కాలేజీ లెక్చరరయ్యాడు, ఇల్లు కట్టాడు, లావయ్యాడు. తానెక్కడున్నాడో తెలుసుకోవడానికి గురునాథరావు ఎప్పుడూ పక్కవాణ్ణే చూసేవాడు. చూసిన ప్రతిసారీ తాను నిలబడ్డ చోటు ఇంకాస్త ఇరుకయ్యేది. ఊరు విడిచి పోవాలని అప్పుడప్పుడు పెట్టె సర్దేవాడు. ‘ఎక్కడికి?’ అని మనసు అడిగేది. జవాబు వెతికేలోగా రైలు వేళ దాటిపోయేది. పెట్టె మళ్ళీ మంచం కిందికి చేరేది.

అటువంటి మనిషి ఇంకొకరికి పోలికలు నేర్పవలసి వచ్చింది.

త్రినాథరావు షెడ్డులో పాత టైర్లకు ఆన్చిన నల్లబల్ల ముందు తరగతి మొదలైంది. గురునాథరావు ఇద్దరు డ్రైవర్లను పక్కపక్కన నిలబెట్టి ఎవరు పొడుగు, ఎవరు పొట్టి అని ఇంగ్లీషులో చెప్పించబోయాడు. పొట్టిగా తేలినవాడు అయూబ్. పాత ఊరి కుర్రాడు, నోటికి తాళం లేనివాడు.

"పొట్టోణ్ణని తెలుగులో సాల్దా మాస్టారూ, ఇంగ్లీసులో కూడా సెప్పించాలా?" అన్నాడు.

తక్కినవాళ్ళు నవ్వారు. తరువాత ఆవలించారు. రెండో వారానికి సగం మంది గోడకు చేరబడి కునుకుతున్నారు. గురునాథరావు సుద్దముక్క కింద పెట్టి, "మీకు ఇది పట్టదా?" అని నిష్ఠురంగా అడిగాడు.

"అదేటి లేదు మాస్టారూ," అన్నాడు అయూబ్. "మేం డ్రైవర్లం గదా. బండి ఆగితే మా బుర్ర కూడా ఆగిపోతాది."

మరునాటి నుంచి తరగతి త్రినాథరావు పాత మెటాడోర్ వ్యాన్లోకి మారింది. ఒకరు తోలేవారు, తక్కినవాళ్ళు ప్రయాణికులు. గురునాథరావు ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని, కిటికీలో ఏది కనబడితే దాన్ని పాఠం చేసేవాడు. హార్బరు పక్కనుంచి పోతూ ఒక చేయి డాల్ఫిన్ నోస్ కొండ వైపు, ఒక చేయి రాస్ కొండ వైపు చూపిస్తే వ్యానంతా ఒక్క గొంతుతో ఏది హయ్యరో చెప్పేది. ఋషికొండ నియరర్, భీమిలి ఫార్దర్. పడవ స్మాలర్, ఓడ బిగ్గర్. గోడకు చేరబడి నిద్రపోయినవాళ్ళు కిటికీలోంచి తలలు బయటపెట్టి, దారిన పోయే ఎద్దుబండినీ సిటీ బస్సునూ వదలకుండా పోల్చేవారు.

"దిస్ వ్యాన్ ఈజ్ ఓల్డర్ దేన్ లైట్ హౌస్," అన్నాడు అయూబ్ ఒకనాడు.

"ఓనరు గారు ఇంటే నీ తాట తీస్తాడు," అని ఎవరో హెచ్చరించారు.

"మై ఫాదర్ హార్స్ ఈజ్ ఫాస్టర్ దేన్ దిస్ వ్యాన్." అయూబ్ తండ్రి గులాం మొహమ్మద్ ఒకప్పుడు పాత ఊళ్ళో జట్కా తోలినవాడు.

"మీ నాన్న గుర్రం సచ్చిపోనాది గదరా," అన్నాడు స్టీరింగు దగ్గరున్న ఎల్లారావు.

"అయినా ఫాస్టరే బావా."

ఆ నవ్వులో గురునాథరావు కూడా నవ్వాడు. నవ్వి, రమణమూర్తి తరగతిలో పిల్లలు ఇలా నవ్వుతారా అని వెంటనే ఆలోచించి, ఆ నవ్వును తానే పాడుచేసుకున్నాడు.

అందరిలోకీ పెద్దవాడు ఎల్లారావు. మాట తక్కువ, పట్టు ఎక్కువ. పరవాడ పక్క చిన్న ఊళ్ళో రెండెకరాల రైతు. ఆ పొలమూ ఊరూ కర్మాగారం కిందికి పోయాక, కొత్తగా వేసిన కాలనీలో ఇల్లు కట్టుకుని, బండి నేర్చుకుని డ్రైవరయ్యాడు. ఒక సాయంత్రం వ్యాను కర్మాగారం కంచె వెంబడి పోతున్నప్పుడు గురునాథరావు ఆలోచించకుండానే, "ఎల్లారావు గారూ, ఓల్డ్ విలేజ్, న్యూ కాలనీ," అని పాఠం అందించాడు.

"రోడ్ బెటర్," అన్నాడు ఎల్లారావు. "హౌస్ బిగ్గర్." ఒక గేరు మార్చాడు. "వాటర్ ఫార్దర్."

ఆ తరువాత చాలాదూరం ఎవరూ దేన్నీ పోల్చలేదు.

చిక్కు వచ్చింది ఈ పోలికల దగ్గర కాదు, వాటికంటే ముందు రావలసిన మాట దగ్గర. పరీక్ష ఎలా జరుగుతుందో త్రినాథరావు కనుక్కొని వచ్చాడు. పెద్ద ఇంజనీరు ఒక్కొక్క కారులో ఎక్కుతాడు. డ్రైవరు పలకరించి, ఎక్కడికి వెళ్ళాలో అడిగి, తీసుకుపోయి, దారిలో అతను అడిగినదానికి జవాబు చెప్పాలి. నెగ్గినవాళ్ళకు నెల జీతం, గెస్ట్ హౌసు కార్లు. త్రినాథరావు టాక్సీ లైను ఎత్తేస్తున్నాడు కనక నెగ్గనివాళ్ళు వేరే దారి చూసుకోవలసిందే.

"ఎక్కగానే మీరు అనవలసిన మొదటి మాట, వేర్ టు, సర్?" అని గురునాథరావు అందరిచేతా పలికించాడు. ఎల్లారావు వంతు వచ్చింది. గురునాథరావు షెడ్డులో నిలిపిన కారు వెనక సీట్లో ఎక్కి తలుపు వేసుకున్నాడు.

"గుడ్ మార్నింగ్, సర్," అన్నాడు ఎల్లారావు. ఆగి, "ఫార్, సర్?" అన్నాడు.

"వేర్ టు."

"ఫార్, సర్? సింహాచలం, ఫార్దర్? నియరర్?"

"సింహాచలం కంటే దగ్గర," అని విసుగ్గా తెలుగులోనే అన్నాడు గురునాథరావు.

"సింధియా, ఫార్దర్, నియరర్?"

ఇలా సింధియాకు అవతల, హార్బరుకు ఇవతల అంటూ రెండు వైపులనుంచీ బిగించుకొస్తూ, ఎక్కడికి అన్న మాట నోట రాకుండానే, ప్రయాణికుడు పోదలచిన చోటిని ఎల్లారావు పట్టేశాడు. పాఠంలో నేర్పిన పోలికలన్నీ తప్పు లేకుండా వాడాడు. అడగవలసిన ఒక్క మాట మాత్రం అడగలేదు. వెనక నిలబడ్డవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు.

"ఇన్నాళ్ళూ కిరాయిలెలా కట్టేవు బావా?" అన్నాడు అయూబ్.

"ఎక్కినోడే సెప్తాడు. సెప్పకపోతే దూరమేటి బాబూ అంటాను. అప్పుడు ఆడికే తెలిసొస్తాది." ఎల్లారావు గురునాథరావు వైపు తిరిగాడు. "బయల్దేరే మనిషిని ఎక్కడికని అడక్కూడదు మాస్టారూ. మీకు తెల్దా ఏటి?"

తెలుసు. చిన్నప్పుడు తన అమ్మ కూడా గడప దాటేవాణ్ణి ఆ మాట అడగనిచ్చేది కాదు. ఎవరైనా నోరుజారి అడిగితే వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి మళ్ళీ పంపేది. తెలిసినదాన్ని తెలియనట్టు పక్కకు పెట్టడమే చదువు అని అతను ఏనాడో నిర్ణయించుకున్నాడు.

"అది తెలుగులో కదా. ఇది ఇంగ్లీషు," అన్నాడు.

"అశుభానికి ఏ బాసైతే ఏటి మాస్టారూ?"

అందరూ నవ్వుతున్నా ఎల్లారావు నవ్వలేదు. గురునాథరావుకు కోపం వచ్చింది. ఆ కోపం ఎల్లారావు మీద కాదని, ఎవరి మీదో తెలియదని, రాత్రి పుస్తకం తెరిచి ఒకే పంక్తిని పదేపదే చదువుతున్నప్పుడు తోచింది.

ఆదివారం నాడు ఊరుకోలేక కాలనీకి పోయాడు. ఎల్లారావు కిరాయికి పోయాడు. భార్య చిట్టెమ్మ అరుగు మీద మంచం వాల్చి, చెంబుతో నీళ్ళిచ్చింది. భర్తకు నచ్చజెప్పమని గురునాథరావు ఆమెను అడిగాడు. పరీక్ష పోతే ఏమవుతుందో వివరించబోయాడు.

"తెల్సు బాబూ," అంది ఆమె. "రాయపూరు లైను లారీ ఎక్కుతాడు. ఎల్లినోడు ఎప్పుడొస్తాడో ఆడికే తెల్దు. ఊరు పోయిందంటే సర్లే అనుకున్నాను, మనిషి ఉన్నాడు గదా అని. ఇప్పుడు మనిషి కూడా రోడ్డు మీద పడితే నానిక్కడ ఈ గోడల్ని సూసుకోవాలేటి?"

"అయితే ఆ ఒక్క మాట అడగమని చెప్పమ్మా."

చిట్టెమ్మ తనలో తాను అనుకుంటున్నట్టు చెప్పింది. "ఊరొదిలీసిన రోజు బళ్ళు కట్టీసేం. బయల్దేరతన్నాం. ఓ ఆఫీసు బాబు కాయితాలట్టుకుని అడ్డొచ్చి ఒక్కో బండినీ ఆపి, ఎక్కడికీ, ఎక్కడికీ అని అడుగుతన్నాడు. ఆయన పని ఆయన్ది, తప్పు కాదు. అయితే మాకే తెల్దు గదా ఎక్కడికో. బండి దిగి ఇన్ని నీళ్ళు తాగి ఎల్దామన్నాడు మా ఇంటాయన. సూస్తే నుయ్యి కంచెకి అవతల పక్క ఉండిపోనాది. తాగకండానే ఎల్లిపోనాం." ఆమె చెంబు అందుకుంది. "అప్పట్నుంచీ ఆ మాట ఆడి నోట రాదు. నాను సెప్పను బాబూ. లారీ ఎక్కితే ఎక్కనీ."

గురునాథరావు లేచాడు. గడప దగ్గర ఆమె, "దూరమేటి బాబూ?" అంది. బస్సులో వస్తున్నంతసేపూ ఆ మాట చెవిలో మోగుతూనే ఉంది. అందులో ప్రశ్న లేదు. నువ్వు వెళ్ళే చోటు ఎంత దూరమైనా ఫరవాలేదన్న ధైర్యం ఏదో ఉంది.

అయినా అతను ఊరుకోలేదు. ఊరుకోవడం చేతనైతే అతను గురునాథరావు ఎందుకవుతాడు? సోమవారం నుంచి ఎల్లారావును పట్టుకుని బతిమాలాడు, కసిరాడు, లారీ పేరు ఎత్తాడు. అదే వారంలో అయూబ్ ఒక కొత్త కబురు తెచ్చాడు. గెస్ట్ హౌసు కారు చెడిపోతే ఒక పూట బదులుగా వెళ్ళి పెద్ద ఇంజనీరును చూసి వచ్చాడు.

"ఆ దొర మనకంటే మొద్దు మాస్టారూ. ఒళ్ళో సిన్న పుస్తకం ఎట్టుకుని ఇంగ్లీసు బట్టీ కొడతన్నాడు. రోడ్ బ్యాడ్, సీ గుడ్. అంతే. దేన్ అంటే తెల్దు. నానే నేర్పీసేను, సీ ఈజ్ బెటర్ దేన్ రోడ్ అని. సంబరపడిపోయి నాకో సిగరెట్టిచ్చేడు."

గురునాథరావు చిరునవ్వు నవ్వి ఆ సంగతి మరిచిపోయాడు.

చివరకు ఇవాళ మధ్యాహ్నం, స్కూలుకు సెలవు పెట్టి నడిపిన ఆఖరి రిహార్సల్లో ఎల్లారావు దిగివచ్చాడు. "సరే మాస్టారూ. మీకోసం అడుగుతాను," అన్నాడు. గురునాథరావు దొరలా వెనక సీట్లో కూర్చున్నాడు. త్రినాథరావు షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"వేర్ టు, సర్?" అన్నాడు ఎల్లారావు, స్పష్టంగా.

గురునాథరావు ఊపిరి పీల్చుకుని, "స్టీల్ ప్లాంట్," అన్నాడు.

ఎల్లారావు ఇంజను ఆపాడు. కారు దిగాడు. షెడ్డు మూలనున్న కుండలోంచి గ్లాసుడు నీళ్ళు తెచ్చి గురునాథరావు చేతికిచ్చాడు, తానొక గ్లాసు తాగాడు. నేలమీద చతికిలబడి కళ్ళు మూసుకున్నాడు. కాసేపయ్యాక లేచి, ముఖం తుడుచుకుని, కారెక్కి, ఏమీ జరగనట్టు తాళం తిప్పాడు. "యస్, సర్. స్టీల్ ప్లాంట్."

"దొరకి ఐసు నీళ్ళివ్వు బావా, కుండ నీళ్ళు పడవు," అన్నాడు అయూబ్. షెడ్డు గొల్లుమంది.

త్రినాథరావు నవ్వలేదు. గురునాథరావును లోపలికి పిలిచాడు. "ఈడు కారు తోల్తాడా, తపస్సు సేత్తాడా? రేపు ఆ దొర ఎక్కగానే ఈడు దిగిపోయి నీళ్ళు తాగుతా కూసుంటే నా కాంట్రాక్టేటవుతాది? ఈడితో పాటు తక్కినోళ్ళందరి కడుపు మీద కొట్టినట్టు. రేపు ఈణ్ణి రావద్దని మీరే సెప్పీయండి."

"మీ డ్రైవరు. మీరే చెప్పవచ్చు గదా."

"నాను సెప్తే ఏడుస్తాడు. ఏడిస్తే నాను ఉంచీస్తాను. మీరైతే సదూకున్నోరు." త్రినాథరావు గొంతు తగ్గించాడు. "ఆడి కార్లోనే ఇంటికెల్లండి. దార్లో సెప్పీయండి."

ఆ దారే ఇది. గూడ్సు బండి ఇంకా కదులుతూనే ఉంది. ఖనిజం వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి, ఎర్రటి దుమ్ముతో. వెనక లారీలు, రిక్షాలు చేరుతున్నాయి. గేటు పక్క మంగాయమ్మ టీ బడ్డీలో స్టవ్వు హోరు.

ఎల్లారావు అద్దంలోకి చూసి, కాలక్షేపానికన్నట్టు పాఠం అప్పజెప్పాడు. "గూడ్స్ ట్రైన్ ఈజ్ లాంగర్ దేన్ ప్యాసింజర్. గేట్ ఈజ్ స్లోవర్ దేన్ ట్రైన్. కరెక్టేనా మాస్టారూ?"

"కరెక్టే."

"రేపు దొర ముందర నీళ్ళు తాగితే తప్పేటి? ఆయనకి మాత్రం దాహం ఎయ్యదా?"

గురునాథరావు చెమట తుడుచుకున్నాడు. "ఎల్లారావు గారూ," అన్నాడు.

"సెప్పండి."

గురునాథరావు పోతున్న వ్యాగన్లను లెక్కపెట్టసాగాడు.

"ఓనరు గారు సెప్పమన్నారు గదా," అన్నాడు ఎల్లారావు, అద్దంలోంచి కళ్ళు తీసి. "నాకు తెల్సులెండి. మీరు సెప్పలేరని కూడా తెల్సు. సెప్పీవోరైతే గాజువాకలోనే సెప్పీవోరు. ఏదైనా ఎక్కినప్పుడే సెప్పీయాల మాస్టారూ. ఎక్కినోడు సెప్పీసేడంటే తోలేవోడు అడగక్కర్లేదు, ఇద్దరికీ సుఖం."

అందులో కోపం లేదు. అది గురునాథరావును మరింత కుంగదీసింది. సిగ్గుతో కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు. అక్కడే, మూసిన గేటు మీది ఎర్ర పలకను చూస్తూ, విన్న మాటను మళ్ళీ మనసులో తిప్పాడు. ఎక్కినవాడు చెప్పేస్తే తోలేవాడు అడగక్కర్లేదు.

ఈ ఆచారంలో సగం డ్రైవరుది, సగం ప్రయాణికుడిది. ఇన్ని వారాలూ తాను పట్టి లాగింది ఒక్క సగాన్నే. మారవలసినవాడు ఎల్లారావేనని తనకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. వెనక సీట్లో కూర్చునేవాడు పెద్ద, ముందు సీటువాడు చిన్న అన్న పోలిక ఒకటి తనలో అడుగున ఉండి, పాఠం పేరుతో పని చేసింది. రేపు వెనక సీట్లో ఎక్కబోయే దొర కూడా ఒళ్ళో పుస్తకం పెట్టుకుని వల్లెవేస్తున్న విద్యార్థే. మాస్టారు లేని విద్యార్థి. పోయే చోటి పేరు చెప్పి కారెక్కండి, ఈ దేశంలో అది మర్యాద, అని అతనికి ఎవరైనా చెబితే ఎంతసేపు పని? పేరు ఒక్కటి చాలు. రోడ్ బ్యాడ్, సీ గుడ్ అనగలిగిన నోరు ఒక ఊరి పేరు అనలేదా?

చెప్పాలి సరే, ఎవరు? తానేనా? ఇంత కాలం ఇంగ్లీషు నేర్పాడు గాని ఒక్క పరదేశితో ఒక్క మాట మాట్లాడి ఎరగడు. అయూబ్ మాట్లాడాడు, సిగరెట్టు కూడా కాల్చాడు. తన వాక్యం ఆ మనిషికి అర్థం కాకపోతే? గెస్ట్ హౌసు గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరు నువ్వంటే? ఎక్కడికి, ఎందుకు, నువ్వెవరివి అని లోపల పాత గొంతు ఒక్కొక్కటే అడగసాగింది. ఈ గొంతే కదా ప్రతిసారీ గడప దగ్గర అడ్డుపడి పెట్టెను మంచం కిందికి తోయించింది. బయల్దేరే మనిషిని ఆ మాట అడగకూడదని అమ్మ ఊరికే అనలేదు. తనను తాను అన్నేళ్ళు అడుగుతూనే ఉన్నాడు. ఒక్కసారీ దిగి నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరలేదు.

చివరి వ్యాగను పోయింది. దాని వెనక గార్డు పెట్టె పోయింది. గేటు గంట మోగి, కడ్డీ కిర్రుమంటూ లేచింది. వెనక లారీవాడు హారను కొట్టాడు.

"ఇంటికాడ దింపీమంటారా?" అన్నాడు ఎల్లారావు.

"లేదు. కారు పక్కకి తియ్యండి."

ఎల్లారావు వెనక్కి తిరిగి చూశాడు. ఇంకేమీ అడగకుండా మంగాయమ్మ బడ్డీ పక్కకు తీసి ఆపాడు. లారీవాడు తల బయటపెట్టి ఒక బూతు విసిరి సాగిపోయాడు.

గురునాథరావు దిగాడు. "దిగండి," అన్నాడు. బడ్డీలో కుండ మీది మూత తానే తీసి రెండు గ్లాసుల నీళ్ళు ముంచాడు. ఒకటి ఎల్లారావుకిచ్చాడు.

"టీ కాదేటి మాస్టారూ?" అంది మంగాయమ్మ. "నీళ్ళకి బేరమెక్కడుంది?"

"వచ్చేటప్పుడు తాగుతాం."

ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. నీళ్ళు చల్లగా, కొంచెం మట్టి వాసనతో ఉన్నాయి. గురునాథరావు చివరి చుక్కదాకా తాగాడు. గేటు మీదుగా రిక్షాలు, సైకిళ్ళు పోతున్నాయి. అతను ఏ ఒక్కదాన్నీ దేనితోనూ పోల్చలేదు. ఎల్లారావు ఖాళీ గ్లాసు చేతిలో పట్టుకుని, అడగవలసింది అడగకుండా, దూరమేటి అన్నట్టు చూశాడు.

గురునాథరావు లేచి, ఈసారి ముందు తలుపు తీసి ఎల్లారావు పక్కన కూర్చున్నాడు. ఎల్లారావు తన సీట్లోకి వచ్చి తాళం మీద చెయ్యి వేశాడో లేదో, గురునాథరావు చెప్పేశాడు.

"బీచ్ రోడ్డు. ఇంజనీర్ల గెస్ట్ హౌసు. ఆ దొరకి నేనొక పాఠం చెప్పాలి."

ఎల్లారావు ఒక్క క్షణం అతని ముఖం చూశాడు. తరువాత తాళం తిప్పి, గేరు వేసి, పట్టాల మీదుగా కారును అవతలికి దాటించాడు. ఇంటి మలుపు వచ్చింది. కారు ఆగలేదు.